టెలిఫోను నంబరుకూ ఒక ఇంటిపేరుంది
(పల్నాటి ఎస్.టి.డి. కోడులపై ఒక పరిశీలన)

మనుషులకు ఇంటిపేరు ఉన్నట్లే టెలిఫోను నంబరుకు కూడా ఒక ఇంటిపేరు ఉంటుంది. ఇంటిపేరు చెప్పగానే ఫలానా ఊరివాడు, ఫలానావారి తాలూకు అని పెద్దలు పోల్చుకుంటారు. అలాగే 08647 అనగానే నరసరావుపేట అనీ, 08642 అనగానే మాచర్ల అనీ, 08649 అనగానే పిడుగురాళ్ళ, గురజాల ప్రాంతమనీ ఒక తరంవారు కళ్ళు మూసుకుని చెప్పేవారు. మా తరానికి అది తెలియదు. మా జేబుల్లో ఉన్న నంబర్లకు పేరే తప్ప ఇంటిపేరు లేదు.

నేను బి.ఎస్.సి. చదువుతున్న రైతుబిడ్డను. మాది గురజాల దగ్గర ఒక పల్లె. ఈ కోడుల వెనుక ఉన్న లెక్క ఏమిటి, అవి పుట్టకముందు మనవాళ్ళు ఏం చేసేవారు, అవి మరుగున పడితే మనకొచ్చే నష్టమేమైనా ఉందా అనే సంగతులు నాకు తెలిసినంతవరకు తోటి విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కోడు పుట్టకముందు

మన దేశంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు మొదట 1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో వెలిశాయి. అప్పుడు ఎక్స్ఛేంజి అంటే ఒక మనిషి. మనం ఫోనెత్తితే ఆపరేటరు పలుకుతాడు. ఎవరు కావాలో చెబితే తీగను తెచ్చి ఆ రంధ్రంలో గుచ్చుతాడు. అంతే, లైను కలుస్తుంది.

ఈ మధ్యవర్తి లేకుండా లైను కలపవచ్చునని చూపినవాడు అమెరికాకు చెందిన ఆల్మన్ స్ట్రోజర్. ఆయన ఇంజనీరు కాదు, అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. ఊళ్ళో ఆపరేటరు తనకు రావలసిన కాల్స్‌ను పోటీవాడికి కలుపుతున్నదన్న అనుమానంతో ఈ యంత్రానికి పూనుకున్నాడని కథగా చెబుతారు. కథ సంగతెలా ఉన్నా 1891లో ఆయనకు పేటెంటు వచ్చిన మాట వాస్తవం. అలా ఊరి లోపలి మాటలకు ఆపరేటరు అవసరం క్రమంగా తీరిపోయింది.

కాని ఊరు దాటితే మళ్ళీ ఆపరేటరే దిక్కు. దానినే ట్రంకుకాల్ అనేవారు. నరసరావుపేట నుండి మద్రాసుకు మాట్లాడాలంటే ముందు కాల్ బుక్ చేసుకుని ఫోను దగ్గర కాపలా కూర్చోవాలి. ఆర్డినరీ అయితే గంటల తరబడి నిరీక్షణ. తొందరగా కావాలంటే అర్జంటు, ఇంకా తొందరైతే లైట్నింగు. తొందర పెరిగేకొద్దీ రుసుము కూడా రెట్లు పెరిగేది. ఫలానా మనిషే కావాలంటే పి.పి. కాల్. ఇంత చేసినా చివరికి 'లైను దొరకలేదు, క్యాన్సిల్ చేస్తారా?' అనే మాట వినవలసి రావచ్చు.

ఈ బాధ తీర్చినదే ఎస్.టి.డి., అంటే చందాదారుడే స్వయంగా ట్రంకు నంబరు తిప్పుకునే పద్ధతి. బ్రిటన్‌లో ఇది 1958లో మొదలైంది. మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదటిసారిగా వచ్చింది. ఆపరేటరు అయితే 'మాచర్ల కావాలి' అంటే అర్థం చేసుకుంటాడు. యంత్రానికి ఊరిపేరు అర్థం కాదు, అంకె ఒక్కటే అర్థమవుతుంది. కాబట్టి ప్రతి ప్రాంతానికీ అంకెలతో పేరు పెట్టవలసి వచ్చింది. ఆ నామకరణమే కోడు.

ఒక కొమ్మకు పది రెమ్మలు

ఇక కోడులోని గణితాన్ని చూద్దాం. 08647లో మొదటి సున్న కోడులో భాగం కాదు. 'నేను మా ప్రాంతం దాటి బయటికి పోతున్నాను' అని ఎక్స్ఛేంజికి చెప్పే సంకేతం అది. అసలు కోడు 8647. విదేశాల నుండి పిలిచేవారు మన దేశపు సంఖ్య 91 తర్వాత ఈ సున్న పెట్టకూడదు. '91-08647' అని అచ్చువేసిన కార్డులూ, బోర్డులూ నేటికీ కనిపిస్తాయి. అలా రాయడం తప్పు, 91-8647 అని ఉండాలి.

కోడు, ఇంటి నంబరు కలిపి మొత్తం పది అంకెలు ఉండాలన్నది మన దేశపు నియమం. గుంటూరు కోడు 863, మూడంకెలు. కనుక అక్కడి ఇళ్ళకు ఏడంకెల నంబర్లు. నరసరావుపేట కోడు 8647, నాలుగంకెలు. కనుక ఇక్కడ ఆరంకెల నంబర్లు. కోడు పొట్టిదైతే నంబరు పొడుగు, కోడు పొడుగైతే నంబరు పొట్టి.

ఇంకొక నియమం ఉంది. ఒక కోడు మరొక కోడుకు మొదలు కాకూడదు. 863 గుంటూరుకు ఇచ్చేశాక 8631, 8632 అనే కోడులు ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఇస్తే 863 దగ్గర యంత్రం ఆగాలో, ముందుకు పోవాలో దానికి తెలియదు. విజయవాడ 866 కనుక 866తో మొదలయ్యే నాలుగంకెల కోడు కూడా ఉండదు. అందుచేత పాత గుంటూరు జిల్లాలో మిగిలిన పట్టణాలకు 864 అనే కొమ్మను కేటాయించి దానికి పది రెమ్మలు వేశారు. అవి ఇవి:

08640 – క్రోసూరు
08641 – సత్తెనపల్లి
08642 – మాచర్ల
08643 – బాపట్ల
08644 – తెనాలి
08645 – మంగళగిరి
08646 – వినుకొండ
08647 – నరసరావుపేట
08648 – రేపల్లె
08649 – పిడుగురాళ్ళ

సున్న నుండి తొమ్మిది వరకు ఒక్క అంకె కూడా ఖాళీ లేదు. అరలన్నీ నిండిన గాదెలాగా ఉంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి. 863 తర్వాత ఏడంకెలు, అంటే కాగితం మీద కోటి నంబర్లు. 8647 తర్వాత ఆరంకెలు, అంటే పది లక్షలు. పది రెమ్మలకూ కలిపితే పది పదుల లక్షలు, అదీ కోటే. అంటే ఒక్క గుంటూరుకూ, దాని చుట్టుపక్కల ఊళ్ళకూ ఎంత చోటు ఇచ్చారో, మిగిలిన పది పట్టణాలకూ వాటి కింద ఉన్న వందలాది పల్లెలకూ కలిపి అంతే చోటు ఇచ్చారన్నమాట. ఇందులో పక్షపాతం ఉందని నేననడం లేదు. ఫోన్లు ఎక్కువ ఉన్నచోట ఎక్కువ నంబర్లు కావాలి, అది న్యాయమే. కాని పల్లెటూళ్ళో ఫోను ఎన్నాళ్ళకు వస్తుందని ఆనాడు అనుకున్నారో ఈ లెక్క చూస్తే మనకు అర్థమవుతుంది.

ఈ ప్రాంతాల ఎల్లలు ఎక్కడివి? కోడు పనిచేసే ప్రాంతాన్ని టెలిఫోను శాఖవారు తక్కువ దూరపు ఛార్జీ ప్రాంతం అంటారు. చాలాచోట్ల పాత తాలూకాలనే ఇందుకు ఆధారంగా తీసుకున్నారు. 1985లో మన రాష్ట్రంలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పై పదింటిలో క్రోసూరు, సత్తెనపల్లి, మాచర్ల, వినుకొండ, నరసరావుపేట, పిడుగురాళ్ళ ఈ జిల్లాలోకి వచ్చాయి. తెనాలి, మంగళగిరి గుంటూరు జిల్లాలో ఉండగా, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. జిల్లా మారింది గాని కోడు మారలేదు. రెవెన్యూ పటంలో చెరిగిపోయిన గీతలు టెలిఫోను పటంలో ఇంకా మిగిలే ఉన్నాయి.

ఇందులో మరొక వింత. పాత పల్నాడు తాలూకాకు కేంద్రం గురజాల. కాని కోడుల పట్టికలో 'పల్నాడు' అనే పేరు మాచర్లతో జతగా 08642కు కనిపిస్తుంది. గురజాల మాత్రం పిడుగురాళ్ళతో కలిసి 08649లో ఉంది. 12వ శతాబ్దంలో గురజాల, మాచర్ల రెండు రాజ్యాలుగా చీలిపోయి కారంపూడిలో తలపడ్డ సంగతి మనకు ఉగ్గుపాలతో వచ్చిన కథ. టెలిఫోను వారు కూడా ఆ రెంటినీ ఒక కోడు కిందికి తేలేకపోయారని మా ఊళ్ళో పెద్దలు నవ్వుతూ అంటుంటారు! కృష్ణ దాటి తెలంగాణలో అడుగుపెడితే మిర్యాలగూడ కోడు 08689. మన 08649కీ దానికీ ఒక్క అంకే తేడా. ఏరు అడ్డమున్నా అంకెల్లో ఇరుగుపొరుగే.

డయలు తిప్పడంలో భౌతికశాస్త్రం

ఈనాడు మీట నొక్కుతున్నాం గాని, ఆనాటి ఫోనుకు గుండ్రటి డయలు ఉండేది. దాని పని తెలుసుకోవడం భౌతికశాస్త్ర విద్యార్థులకు సరదాగా ఉంటుంది. అంకె మీద వేలు పెట్టి తిప్పి వదిలితే, డయలు వెనక్కి తిరిగివచ్చేటప్పుడు విద్యుత్ ప్రవాహం తెగుతూ కలుస్తూ ఉంటుంది. 1కి ఒకసారి, 2కు రెండుసార్లు, అలా 9కి తొమ్మిది సార్లు, సున్నకు పదిసార్లు. ఒక్కొక్క తెగింపును ఒక పల్సు అంటారు. సెకనుకు సుమారు పది పల్సులు.

ఇప్పుడు మన కోడులను పల్సులలోకి మార్చుదాం. 08647కు 10+8+6+4+7, మొత్తం 35. 08642కు 30. 08649కు 37. గుంటూరు 0863కు 27. ఢిల్లీ 011కు 12 మాత్రమే. అంటే డయలు ఫోనుతో ఢిల్లీ కోడు తిప్పడానికి పట్టే కాలానికి మూడింతలు పిడుగురాళ్ళ కోడుకు పడుతుంది, అంకెకూ అంకెకూ మధ్య వేలు తీసి పెట్టే వ్యవధి కాకుండానే. 1947లో అమెరికావారు ప్రాంతీయ కోడులు తయారుచేసినప్పుడు ఈ సంగతి బాగా ఆలోచించారు. రద్దీ ఎక్కువగా ఉండే న్యూయార్కు నగరానికి 212 ఇచ్చారు. దానికి అయిదే పల్సులు.

పసుపు బోర్డూ, మిరప రేటూ

దేశమంతటా ఎస్.టి.డి. ఉన్నా పల్లెకు అది అందాలంటే పల్లెలో ఎక్స్ఛేంజి ఉండాలి. విదేశాల నుండి తెచ్చిన పెద్ద ఎక్స్ఛేంజీలకు చల్లని గది, దుమ్ములేని చోటు కావాలి. పల్లెటూళ్ళో అవి ఎక్కడివి? ఈ చిక్కు విప్పడానికి 1984లో సి-డాట్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. శ్యాం పిట్రోడా అందులో ముఖ్యుడు. మన ఇంజనీర్లు 128 లైన్ల చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేశారు. ఎండకూ దుమ్ముకూ తట్టుకుని ఎయిర్‌కండిషను లేకుండా పనిచేయడం దాని గొప్ప. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో అటువంటిది తొలిసారి పెట్టారు. మన రెంటచింతల ఎండ ఎరిగినవారికి ఈ గుణం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాతనే వీధి వీధినా పసుపురంగు ఎస్.టి.డి. బోర్డులు లేచాయి. అద్దాల గది, లోపల ఒక స్టూలు, ఎదురుగా ఎర్రటి అంకెలు పరుగెత్తే మీటరు. ఆ పరుగులో కూడా లెక్క ఉంది. దూరాన్ని బట్టి ఎన్ని సెకన్లకు ఒక యూనిట్ పడాలో ఎక్స్ఛేంజి నిర్ణయిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతుంది, అంకెలు తొందరపడతాయి. రాత్రి పొద్దుపోయేకొద్దీ ఛార్జీ సగానికీ, ఆపైన పావుకూ దిగేది. అందుకే దూరప్రాంతాల్లో బిడ్డలున్నవారు రాత్రి అన్నాలు తిని బూతు ముందు వరుస కట్టేవారు.

మాబోటి వ్యవసాయ కుటుంబాలకు ఈ బూతు చేసిన మేలు వేరే ఉంది. 1967లో సాగర్ కుడికాలువ నీరు వచ్చాక పల్నాటిలో మెట్ట పంటలతో పాటు అమ్ముడు పంటలు పెరిగాయి. పత్తి, మిరప తినే పంటలు కావు. అమ్ముకుంటేనే అన్నం. అమ్మాలంటే రేటు తెలియాలి. మా తాత కాలంలో మిరపకాయలు కళ్ళంలో ఎండబెట్టి, బస్తాలకు తొక్కి, లారీకి ఎత్తి గుంటూరు పంపేవారు. రేటు యార్డులో దిగాకనే తెలిసేది. రేటు పడిపోయిందని తెలిసినా చేసేదేముంది? తిరుగు కిరాయి ఎవరిస్తారు? ఎంతకు అడిగితే అంతకు ఇచ్చి రావడమే. 'సరుకు మనది, మాట వాళ్ళది' అని మా తాత అనేవాడట.

మా నాన్న కాలానికి గురజాల సెంటరులో బూతు వచ్చింది. లారీ మాట్లాడకముందే సైకిలు మీద అక్కడికి వెళ్ళి 0863 నొక్కి గుంటూరులో తెలిసిన కమీషను కొట్టుకు ఫోను చేసేవాడు. రెండు నిమిషాల మాట. ఇవాళ తేజ రకం ఎంత, తాలు ఎంత, సరుకు ఎక్కువ దిగిందా, సెలవులు ఎప్పటినుంచి. రేటు బాగుంటే తోలేవాడు, లేకుంటే కోల్డు స్టోరేజీ సంగతి ఆలోచించేవాడు. రేటు చెప్పేవాడు కూడా అవతలి పక్షంవాడేనని ఆయనకు తెలుసు. అందుకని ఇద్దరికి చేసి, ఇద్దరు చెప్పిందీ పోల్చి చూసుకునేవాడు. రెండు కాల్స్‌కు పెట్టిన డబ్బు ఒక్క క్వింటా మీదనే తిరిగి వచ్చేదని ఇప్పటికీ చెబుతాడు. పల్నాటి రైతు చేతిలో ఎస్.టి.డి. కోడు ఒక తూకపురాయి.

దూరం చెరిగింది, ఊరూ చెరిగింది

ఆ తర్వాతి మార్పులు మనందరికీ తెలిసినవే. 1995 జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ వెళ్ళింది. 2000 అక్టోబరు 1న టెలిఫోను సేవలు ప్రభుత్వ శాఖ నుండి బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థకు మారాయి. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అనే పథకం వచ్చింది. దూరాన్ని బట్టి రుసుము అనే భావానికి అదే మొదటి గట్టి దెబ్బ. ఈనాడు మాచర్లకూ ముంబాయికీ ఒకటే ఖర్చు. పసుపు బూతులు సెల్ రీఛార్జి కొట్లయ్యాయి, జిరాక్సు కొట్లయ్యాయి.

నంబర్ల కరువు కూడా వచ్చింది. 2021 జనవరి 15 నుండి ఇంటి ఫోను ద్వారా సెల్‌ఫోనుకు చేయాలంటే ముందు సున్న తప్పనిసరి అయింది. ఈ ఒక్క మార్పుతో సుమారు 254 కోట్ల కొత్త నంబర్లకు చోటు దొరుకుతుందని లెక్క వేశారు. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మరొక సిఫారసు చేసింది. ఇంటి ఫోను నుండి ఇంటి ఫోనుకు, పక్కింటికైనా సరే, సున్నతో పాటు కోడు కలిపి పది అంకెలూ నొక్కాలని దాని సారాంశం. ఒకప్పుడు కోడు అవసరం పరాయి ఊరివాడికే ఉండేది. ఆ సిఫారసు అమలైతే సొంత ఊరివాడికీ కావాలి. చిత్రమేమంటే అప్పటికి ఇంటి ఫోను ఉన్నవాడు ఊరికి ఎందరుంటారో!

ఇదంతా అభివృద్ధే, కాదనలేం. రేటు తెలుసుకోవడానికి మా నాన్న ఇప్పుడు సైకిలు తొక్కనక్కరలేదు. మరి పోయినదేమిటి? ఒక్క సంగతి చెబుతాను. ఆ మధ్య మా నాయనమ్మకు ఎవరో ఫోను చేసి బ్యాంకు వాళ్ళమన్నారు. ఖాతా ఆగిపోతుంది, ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పమన్నారు. పంట డబ్బు అందులోనే ఉంది. ఆవిడ చదువుకోలేదు గాని ఒక ప్రశ్న వేసింది: 'యాడనుంచి మాట్లాడుతున్నావు నాయనా?' వాడు హెడ్డాఫీసు అన్నాడు. 'మా బ్యాంకు ఈడనే ఉందిగా, పొద్దున్నే నేనే వస్తాలే' అని పెట్టేసింది. మర్నాడు వెళ్ళి అడిగితే తామెవరమూ ఫోను చెయ్యలేదన్నారు.

నాయనమ్మ అడిగిన ప్రశ్నకు ఒకప్పుడు నంబరే జవాబు చెప్పేది. 08649 అని కనిపిస్తే మన చుట్టుపక్కలవాడు, 0863 అయితే గుంటూరు, 040 అయితే హైదరాబాదు. పది అంకెల సెల్ నంబరు ఆ జవాబు చెప్పదు. మాట్లాడేవాడు మన ఊరి రావిచెట్టు కింద ఉన్నాడో, వెయ్యి మైళ్ళ అవతల ఉన్నాడో తెలియదు. యంత్రం మన పక్షాన అడిగిపెడుతూ వచ్చిన ప్రశ్నను ఇప్పుడు మనమే అడగాలి. కోడు మరుగున పడడం వల్ల మనమీద పడిన కొత్త బాధ్యత ఇదేనని నా అభిప్రాయం.

మనం చేయదగినవి

విద్యార్థులుగా మనం సెలవులకు ఊళ్ళకు పోయినప్పుడు కొన్ని పనులు చేయవచ్చు.

మొదటిది, ఇంట్లో పెద్దలకు నంబరు చదవడం నేర్పాలి. 140తో మొదలయ్యేవి వ్యాపార ప్రచారపు కాల్స్‌కు కేటాయించినవి. బ్యాంకులూ ప్రభుత్వ సంస్థలూ సేవల నిమిత్తం చేసే కాల్స్‌కు 160తో మొదలయ్యే వరుసను కేటాయించారు. అయితే తెరమీద కనిపించే నంబరును కూడా మోసగాళ్ళు మార్చి చూపగలరు. ఏ నంబరు కనిపించినా రహస్యపు అంకెలు చెప్పకూడదన్నదే అసలు పాఠం.

రెండవది, డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దని చెప్పాలి. వెంటనే 1930కి ఫోను చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. ఈ నాలుగంకెలను గోడమీద సున్నంతోనైనా రాసిపెట్టాలి.

మూడవది, మన ఊరి ఆసుపత్రి, పోలీసు స్టేషను, బ్యాంకు, కరెంటాఫీసు అసలు నంబర్లు స్వయంగా వెళ్ళి అడిగి రాసుకుని, పనిచేస్తున్నాయో లేదో చేసి చూసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇంట్లో అతికించాలి. అనుమానపు కాల్ వచ్చినప్పుడు వాళ్ళిచ్చిన నంబరుకు కాకుండా ఈ కాగితం మీది నంబరుకు మనమే చేయాలి. మా ఇంట్లో అతికించిన కాగితం మీద పైవరుసలో 08649 రాశాను. మా నాయనమ్మకు అక్షరాలు రావు గాని ఆ అయిదు అంకెలూ గుర్తుపడుతుంది.

విజ్ఞానశాస్త్రం మనకు ఇచ్చిన ప్రతి వసతికీ వెనుక ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాడిని మోసం చేయడం కష్టం. తెలిసినవాళ్ళం తెలియనివాళ్ళకు చెప్పడమే చదువుకున్నందుకు మనం పల్లెకు తీర్చుకోగల అప్పు.